మిగిలిన ఇరువది గుంటలు

ధ్యానభాగములు: యిర్మీయా 29:4–7, 32:6–15



2025 శ్రమకాల దినములలో, పాశమైలారము దాపున ఉన్న ఒక పల్లెలో ఇంటి కూటము ముగిసిన తరువాత, విధవరాలైన ఒక తల్లి మా యొద్దకు వచ్చి నిలిచినది. "అయ్యగారూ, ఉన్నయి ఇరవై గుంటలే. కొనెటోళ్లు దినాం ఇంటికొస్తున్రు. పిలగాడేమో అమ్ముదమంటడు. మీరేమంటరు?" అని అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆమె పెనిమిటి బ్రతికియున్నప్పుడు, ఉన్న రెండెకరములలో ఎకరమున్నర అమ్మగా, ఆ కాగితము మీద సాక్షిగా సంతకము చేసినది మేమే. మంచి ధర వచ్చినదని స్తోత్రప్రార్థన కూడ చేసితిమి. ఆ సొమ్ము కూతురి పెండ్లికి కొంత, పాత బాకీకి కొంత, ఇంటి స్లాబుకు కొంత, ఒక మోటారు సైకిలుకు కొంత పోయెను. మూడేండ్లు తిరుగకముందే చేతిలో పైస లేదు. అటుపిమ్మట ఆ సహోదరుడు తన చేనులోనే లేచిన ప్రహరీగోడకు కాపలావాడుగా కుదిరెను. రాత్రి డ్యూటీలో తాను ఎక్కడ కూర్చుండుచున్నాడో ఒకసారి మాకు చూపెను. అది వారి తండ్రి నాటిన చింతచెట్టు మొద్దు. మేము ఎవరిని నిందించుటకును దీనిని వ్రాయుట లేదు. ఆ దినమున మేము ప్రార్థన చేసితిమి గాని ఆలోచన చెప్పలేదు. ఈ తప్పు ఒప్పుకొనిన తరువాతనే తక్కిన మాటలు వ్రాయుటకు మాకు ధైర్యము కలిగినది.

ఆ రాత్రి మేము యిర్మీయా 29వ అధ్యాయము తెరచితిమి. యూదాలోనుండి చెరపట్టబడినవారు బబులోనులో కూర్చుండి ఏడ్చుచుండిరి. రెండేండ్లలో ఇంటికి పోవుదుమని చెప్పు ప్రవక్తలు వారికి తీయని మాటలు చెప్పుచుండిరి. యిర్మీయా యెరూషలేమునుండి పంపిన ఉత్తరము వేరు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు వేసికొనుడి, వాటి పంట తినుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణము క్షేమముకొరకు ప్రార్థించుడి అని దాని భావము. మేము మా మాటలలో చెప్పుచున్నాము. మీరు బైబిలు తీసి చదువుకొనుడి.

ఈ ఉత్తరము ఎవరికి వ్రాయబడినదో చూడవలెను. కనానులో కడుపునిండ తినుచున్నవారికి కాదు, తమది కాని దేశములో ఉన్నవారికి. తోట వేయుటకు మంచి కాలము వచ్చువరకు కనిపెట్టుడని దేవుడు చెప్పలేదు. వారు బబులోనునకు కొనిపోబడిరి. మన విషయములోనైతే బబులోనే మన చేను గట్టు మీదికి వచ్చినది. ఊరు కదలకుండనే మనము పరదేశులమైతిమి.

మన పెద్దలకు భూమి సులభముగా రాలేదు. వెట్టి చేసినవారు, దొరల యొద్ద ఏడాది జీతమునకు ఉన్నవారు మన తాతలలో అనేకులు. వారి చేతి పంట వారి గుమ్మిలోనికి రాలేదు. అందుచేత వాన తప్పిన ప్రతిసారియు మొదట ఆకలిగొన్నది వారే. మెదకు మహాదేవాలయము కట్టుబడి 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినదని మీరెరుగుదురు. ఆ కరవు దినములలో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు పని కల్పించి పస్తులున్నవారికి అన్నము పెట్టెనని ఇప్పటికిని కృతజ్ఞతతో చెప్పుకొనుచున్నాము. చెప్పుకొనవలసినదే. కాని రాయి మోసి తెచ్చుకొనిన అన్నము పని ఉన్నంతకాలమే. గుంట భూమియైనను తనది అనుకొనుటకు మనవారికి ఇంకను అనేక సంవత్సరములు పట్టెను. 1973 భూపరిమితి చట్టము తరువాత, పట్టా కాగితము చేత పట్టుకొని గుడికి వచ్చి మోకాళ్లూనిన వృద్ధులను మేము ఎరుగుదుము. (ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూమిని అమ్ముట 1977 చట్టము ప్రకారము చెల్లదు. సంతకము చేయకమునుపు మీ భూమి ఏ విధమైనదో తహశీలు కచేరిలో విచారించుడి. సాక్షి సంతకము చేయువారును విచారించుడి.)

ఆ కాగితములు వచ్చిన కాలముననే కర్మాగారములును వచ్చినవి. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము వరుసగా గొట్టములతో నిండెను. పనులు దొరికెననుట నిజము. మన సంఘములలో అనేకుల ఇండ్లు ఆ జీతముల మీదనే నడచుచున్నవి, మన కానుకలును వాటిలోనుండియే వచ్చుచున్నవి. నక్కవాగు నీరు రంగు మారెననుటయు నిజమే. ఆ వాగు మంజీరలో కలియును. వాగు నీరు పారించిన పొలములు పాడైనవి, బావులు చెడినవి. 1990లో ఈ మొర సుప్రీంకోర్టునకు చేరెను. నష్టపడిన రైతులకు పరిహారము ఇయ్యవలెనని ఆజ్ఞలు వెలువడెను. పటాన్‌చెరు వైద్యులు డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు తమ యొద్దకు వచ్చు రోగులను చూచుటతో ఊరకొనక, ఆ రోగములకు మూలమైన నీటి విషయమై ముందు నిలిచి పోరాడిరి.

ఇట్టి చోట ఇరువది గుంటలతో స్వయముగా బ్రదుకుట సాధ్యమా? ఆ తల్లి అడిగిన ప్రశ్నలోపల ఉన్న ప్రశ్న ఇది.

మేము మొదట చేసిన ప్రయత్నము చెప్పుదుము, మీరు నవ్వినను సరే. అయిదేండ్ల క్రితము మా ఇంటి వెనుక పెరటిలో పాలకూర, టమాట వేసి బోరునీరు పారించితిమి. నెల దినములలో ఆకులు అంచులు మాడెను. నేల మీద తెల్లని పొర తేలెను. మేము ఎరువు చాలలేదనుకొని ఇంకను ఎరువు పోసితిమి. తరువాత నీటిని పరీక్షకు ఇయ్యగా లవణములు మిక్కుటముగా ఉన్నవని తెలిసినది. ఆ ఉప్పు ఎక్కడనుండి వచ్చెనో మేము చెప్పజాలము. దినమునకు రెండు పూటలు మేము స్వహస్తములతో పోసిన నీరే ఆ మొక్కలను చంపినది. కాబట్టి ఈ ప్రాంతమున పెరడు వేయగోరువారు విత్తనము కొనకమునుపు నీటిని, మట్టిని పరీక్ష చేయించుడి. వాగు నీటితో ఆకుకూరలు పెంచి పిల్లలకు పెట్టకుడి. విశ్వాసమున్నదని విషమును త్రాగవచ్చునా? ఇస్సాకు గెరారు లోయలో ఏమి చేసెనో ఆదికాండము 26లో చూడుడి. తండ్రి త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిరి. అతడు వాటిని తిరిగి త్రవ్వించెను. కొత్త బావులకు వారు జగడమాడగా అవతలికి పోయి మరియొకటి త్రవ్వెను, జగడము లేని చోట దొరకువరకు ఆగలేదు. నీటికొరకు పోరాడుటయు, వేరొక చోట నీరు వెదకుటయు రెండును అతడు చేసిన పనులే.

మనకు జగడము లేని నీరు వాన నీరు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడినయెడల ఒక లీటరు నీరగును. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల స్లాబు మీద 800 మిల్లీమీటర్ల వాన కురిసినచో నలువది వేల లీటర్లు. ఇందులో కొంత ఆవిరియై పోవును, తొట్టి చిన్నదైన పొర్లిపోవును. కర్మాగారముల దుమ్ము కప్పు మీద పడుచుండును గనుక తొలకరిలో మొదటి రెండు వానలను బయటికి విడిచిపెట్టవలెను. అయినను మునగ, కరివేపాకు, బొప్పాయి, రెండు పాదుల సొర, బీర బ్రదుకుటకు ఆ నీరు చాలును.

చేను సంగతి వేరు. అరెకరము భూమి అయిదుగురు ఇంటికి ఏడాది పొడవున తిండి పెట్టునని ఎవరైన చెప్పినయెడల నమ్మకుడి. అది జరుగదు. మంచి ఏడు అయినచో రెండు మూడు క్వింటాళ్ల జొన్నలు రావచ్చును. అవి కొన్ని నెలలు వచ్చును. అంగడికి పోవలసిన నెలలు తగ్గును. అప్పు చేయవలసిన దినములు తగ్గును. మేము చూచినంతవరకు మన ఇండ్లు కూలుచున్నది పెద్ద అప్పువలన కాదు. ప్రతి శనివారము కూరగాయలకు, పప్పుకు, నూనెకు చేయు చిన్న బాకీలవలననే.

మన నేలకు ఏమి తగునో మన ముసలమ్మలకు తెలియును. పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలను ప్రపంచమునకంతటికి పరిశోధన చేయుచున్నారు. లోకమంతయు మన తాతల పంటను చూచుటకు పటాన్‌చెరు వచ్చుచున్నది. మనము మాత్రము దాని గోడ ప్రక్కనే నిలిచి రేషను బియ్యము కొరకు వరుస కట్టుచున్నాము! రేషను బియ్యము తప్పని మేము అనుట లేదు. అది ఆకలి తీర్చినది. కాని జొన్న దంచుట, రొట్టె కొట్టుట తెలియని కోడలు ఇంటికి వచ్చిన దినమున, ఒక తరము విద్య పోయినది.

జహీరాబాదు వైపు ఈ విద్యను పోనీయని స్త్రీలున్నారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ సహాయముతో పస్తాపూరు చుట్టుపట్ల గ్రామములలోని పేద స్త్రీలు, ఎక్కువమంది దళితులు, సంఘములుగా కూడి బీడు భూములను తిరిగి సాగులోనికి తెచ్చిరి. దానికి తోడ్పడిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూసిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము ఆ స్త్రీల సంఘములకు వచ్చెను. అది మన సంఘకార్యము కాదు. అయినను మంచి ఎక్కడ ఉన్నను నేర్చుకొనవలెను. వారు ఒక చేనిలో ఒక పంట వేయరు. జొన్న సాలు, కంది సాలు, మధ్య పెసర, అనుములు, బబ్బెర్లు, గట్టున పుంటికూర. ఒకటి పోయిన మరియొకటి నిలుచును. దున్నకుండ, విత్తకుండ చేనిలో మొలిచే తుమ్మికూర, చెంచలికూర, గంగవాయిలికూరలను వారు కలుపు అని పారవేయరు, వండుకొందురు. విత్తనము కొనరు. బాగుగా పండిన కంకులను ఏరి ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, బుట్టలోనో కుండలోనో పోసి, మూతిని మట్టితో మెత్తుదురు. ఇంటిలో లేని విత్తనము పొరుగింటిలో తెచ్చుకొని, పంట వచ్చినప్పుడు ఎక్కువ కలిపి తిరిగి ఇత్తురు. ప్రతి సంవత్సరము సంక్రాంతి దినములలో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనములను ఊరూరు త్రిప్పుట ఒక పండుగ.

మట్టి కుండ అనగానే మాకు యిర్మీయా 32వ అధ్యాయము తోచినది. యెరూషలేము చుట్టు బబులోను సైన్యము ముట్టడి వేసియున్నది. యిర్మీయా చెరసాల ఆవరణములో ఉన్నాడు. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలము కొనుమనెను. శత్రువుల కాలిక్రింద ఉన్న పొలమును ఎవడు కొనును? ప్రవక్త పదునేడు తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులయెదుట ముద్ర వేసి, క్రయపత్రమును చాలా దినములు చెడకుండ మట్టి కుండలో ఉంచుమని బారూకునకు చెప్పెను. అతడు ఆ పొలములో ఒక కంకియైనను కోయలేదు. కాని ఈ దేశములో ఇండ్లును పొలములును మరల కొనబడునని దేవుడు సెలవిచ్చినందున కొనెను. అక్కడ సాక్షులుగా సంతకము చేసినవారి పేరులు మనకు తెలియవు. మేము చేసిన సంతకమునకు, వారి సంతకమునకు ఎంత దూరమో తలంచి మేము సిగ్గుపడితిమి.

కాబట్టి మేము ఆ తల్లియొద్దకు మరల పోయి, "అమ్మా, ఒక ఏడాది ఆగు. అటు తరువాత మీ ఇష్టము" అని చెప్పితిమి. కుమారుడు అంగీకరింపలేదు. అతడు పండ్రెండు గంటల షిఫ్టు చేయుచున్నాడు. "అయ్యగారూ, వాక్యం చెప్పుడు అల్క. కైకిలి ఎవలిస్తరు? నాగలి ఎవలిస్తరు?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. యౌవనస్థుల కూటమువారు రెండు ఆదివారములు మధ్యాహ్నము పోయి కంప కొట్టిరి, పెంట మోసిరి. ఒక వృద్ధుడు తన ఎడ్లను ఇచ్చెను. మృగశిర కార్తెలో విత్తనము పడెను.

ఆ జూను 30వ తేదీన పాశమైలారము పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు చేయు ఒక కర్మాగారములో ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా పనివారు చనిపోయిరి. వారిలో బీహారు, ఉత్తరప్రదేశము, ఒడిశా మొదలగు చోట్లనుండి వచ్చినవారు అనేకులు. ఎక్కడో తమ గుంటలను, గుడిసెలను విడిచి, మన పల్లెలలో గదులు అద్దెకు తీసికొని బ్రదికినవారు. కొందరి దేహములు గుర్తింపవలసిన రీతిగా కూడ మిగులలేదు. ఆ తల్లి కుమారుడు ఆ దినము వేరొకచోట పనిలో ఉండెను. రాత్రి ఇంటికి వచ్చి, ఏమియు మాటలాడక, చేను గట్టు మీద చాలసేపు కూర్చుండెనని ఆమె చెప్పెను. మరునాడు మరల డ్యూటీకి పోయెను. పోకయేమి చేయును? మోటారు సైకిలు వాయిదా ఇంకను ఉన్నది.

దీనినిబట్టి, కర్మాగారము విడిచి చేనికి రండని మేము బోధించుచున్నామని ఎవరును అనుకొనవద్దు. బబులోనునకు దూరముగా పారిపొమ్మని యిర్మీయా వ్రాయలేదు. ఆ పట్టణపు క్షేమములో మీ క్షేమమున్నదనియే వ్రాసెను. పనివారి ప్రాణములకు భద్రత కావలెనని అడుగుట, వాగు శుద్ధి కావలెనని అడుగుట మన ప్రార్థనలో భాగము. అయితే నెలజీతము ఒక్కటే ఆధారమైన ఇంటిలో, ప్రమాదమున్న పనిని కాదనుటకు నోరు రాదు. గుమ్మిలో మూడు నెలల జొన్నలున్నవాడు "ఈ పని నేను చేయను" అని ఒకసారియైనను అనగలడు. స్వయంపోషణ అనగా మేము గ్రహించినది ఇంతమాత్రమే.

దానిలో ఒక అపాయమును ఉన్నది. కొట్లు విప్పి పెద్దవి కట్టించుకొనదలచిన ధనవంతుని ఉపమానము లూకా 12లో ఉన్నది. వానికి కూడ తన పంట తనకు చాలినది. తంజావూరు క్రైస్తవ కుటుంబములో పుట్టి, లండనులో లెక్కల విద్య నేర్చి, 1934 నుండి గాంధీగారితో గ్రామపరిశ్రమల పనిలో దిగిన జె.సి. కుమారప్ప గారు (1892–1960) మనుష్యుల ఆర్థిక జీవనమును సృష్టిలోని జీవులతో పోల్చి చెప్పిరి. చెట్టు రసము పీల్చి దానినే చంపు పురుగు ఒక విధము. పువ్వునుండి తీసికొనుచునే పువ్వునకు మేలు చేయు తేనెటీగ ఒక విధము. ఏమియు ఆశింపక పిల్లలకు మేత తెచ్చు తల్లిపక్షి అన్నిటికంటె ఉన్నతము. మన పెరడు ఈ మూడింటిలో దేనివంటిదో మనమే చూచుకొనవలెను. లేవీయకాండము 19లో పొలము అంచులను కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రమున్నది. రూతు బ్రదికినది బోయజు చేనిలో విడువబడిన ఆ పరిగెలతోనే.

ఆ తల్లికి ఈ అధ్యాయము మేము చదివి వినిపింపలేదు. అయినను ప్రక్క గదులలో అద్దెకున్న ఒడిశా స్త్రీలు సాయంకాలము గట్టు మీద కూర ఏరుకొనుటకు ఆమె సెలవిచ్చెను. అందులో ఒకతె గంగవాయిలికూరను చూచి తన భాషలో దాని పేరు చెప్పి నవ్వెనట. "ఆల్ల ఊర్ల గూడ గిదే తింటరంట అయ్యగారూ" అని ఆమె ఆశ్చర్యముతో మాకు చెప్పినది.

పంట ఎట్లుండెనని అడుగుదురు. ఆగస్టు నెలాఖరున మెదకు, కామారెడ్డి వైపు కుండపోతగా కురిసిన వానలు మీరు మరచియుండరు. మన వైపును వాన విడువలేదు. పెసరకాయ చెట్టు మీదనే మొలకెత్తెను, దాదాపు అంతయు పోయెను. అనుములు తరువాత కోలుకొనెను. జొన్న రెండు క్వింటాళ్లకు కొంచెము తక్కువ వచ్చెను. పిట్టలు తినినది లెక్కలేదు. కంది బాగుగా కాచెను. పుంటికూర ఇంటికి పోను, చుట్టుపట్ల అయిదారు ఇండ్లకు పంచబడెను. కోత పండుగనాడు ఆమె ఒక జొన్న కంకుల కట్ట, చేటెడు అనుములు తెచ్చి బల్ల ముందర పెట్టినది. వేలములో ఆ కంకులను ఒక కర్మాగారపు పనివాడు కొనెను. ఎందుకయ్యా అని అడుగగా, "మా అవ్వకు చూపుత" అనెను.

మేము అడిగిన ఏడాది మొన్న పూర్తియైనది. ఆ దినమున మేము వారి ఇంటికి పోయితిమి. కుమారుడు రాత్రి షిఫ్టు దిగి వచ్చి అప్పుడే అన్నము తినుచుండెను. ఇంతలో అతని ఫోను మ్రోగెను. భూమి కొనువారే. అతడు పళ్లెము ముందునుండి లేచి వాకిటిలోనికి పోయి మాటలాడుచుండెను. ఏమి చెప్పుచున్నాడో మాకు వినబడలేదు. ఆమె తల ఎత్తలేదు. జల్లెడలో ఏరిన జొన్న విత్తనమును బూడిదతో కలిపి కుండలో పోసి, తడి మట్టి చేతిలోనికి తీసికొని మూతి మెత్తుచుండెను.